బందరు పోర్టు వస్తే ఓరుగల్లుకు ఏం ఒరుగుతుంది?

ఎనుమాముల గుమస్తా:
నిన్న మా వాడకట్టులో ఒక అన్న అన్నాడు: "ఆంధ్రాలో పోర్టులు కడితే మనకెందుకు సంబరం? సముద్రం వాళ్లది, లాభం వాళ్లది." ఆ మాట రాత్రంతా బుర్రలో తిరిగింది. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో 19 ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను. ఫిబ్రవరి, మార్చి వస్తే యార్డు మొత్తం మిర్చితో ఎర్రగా పరుచుకుంటుంది. తేజ, వండర్ హాట్, 341, మన చపాట, అన్నీ మిర్చి రకాలే. చపాటకు 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పొద్దున్నే జెండా పాట, అంటే ఆ రోజు మొదటి వేలం, పెడతారు. ఆ ధరే మర్నాడు పేపర్లో పడుతుంది. కానీ ఆ ధర దక్కేది ఒకటి రెండు లాట్లకే, మిగతా బస్తాలన్నీ అంతకంటే తక్కువకు పోతాయి. ఎందుకు తగ్గించావని ఖరీదుదారుణ్ని అడిగితే చెప్పే జవాబులు నాకు నోటికి వచ్చేశాయి. చైనా ఆర్డర్ లేదు, కంటైనర్ కిరాయి పెరిగింది, ఓడ ఆలస్యమైంది. అంటే రేవులో జరిగేది మన కాంటా మీద తేలుతోంది.

ఇప్పుడు బందరు సంగతి. ఆ పోర్టుకు మూడుసార్లు శంకుస్థాపన జరిగింది. 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, చివరికి 2023 మే 22న. మూడోసారి తర్వాతే పని నిజంగా నడిచింది. మొదటి దశలో నాలుగు బెర్తులు, అంటే ఓడలు ఆగే చోట్లు. వరంగల్ నుంచి విజయవాడ రైల్లో 210 కిలోమీటర్ల లోపే, అక్కడి నుంచి బందరుకు ఇంకో 70, 80. అంతా కలిపినా 300 దాటదు. ముంబై దగ్గరి నవా శేవా పోర్టుకు పోవాలంటే 800 పైమాటే. గీసుగొండ, సంగెం మండలాల్లో మన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఉంది. అక్కడ కైటెక్స్ కుట్టే చంటిపిల్లల బట్టలు అమెరికా మార్కెట్ కోసమే. మిర్చికైనా పత్తికైనా బట్టకైనా సముద్రం 500 కిలోమీటర్లు దగ్గరికి జరిగినట్టే కదా. కిరాయి తగ్గితే అందులో కొంతైనా రైతు బస్తాకు చేరుతుంది. నా లెక్క ఇది. కాదనేవాళ్లు చెప్పండి.

కరీంనగర్ లారీ:
అన్నా, కిరాయి తగ్గితే రైతుకు చేరుతుందన్నావు చూడు, నాకు నమ్మకం లేనిది అక్కడే.

కాకినాడ పోర్టు ఎప్పటినుంచో ఉంది. మా జిల్లా గుట్టలు ఆ దారినే పోయాయి. మా గ్రానైట్‌ను ట్యాన్ బ్రౌన్ అంటారు, బయటి దేశాల్లో మంచి పేరు. నేను 11 ఏళ్లు క్వారీ బండలు తోలాను. లారీ మీద ఒక్కటే బండ ఉంటుంది. పక్కన పెయింట్‌తో దాని నంబరు, పొడుగు, వెడల్పు, ఎత్తు రాసి ఉంటాయి. కింద కట్టె మొద్దులు, చుట్టూ గొలుసు. మూల మలుపులో గొలుసు కిర్రుమంటే గుండె జారిపోతుంది. ఊళ్ల మీదుగా పోతుంటే ఆడవాళ్లు పిల్లల చెయ్యి పట్టుకుని వెనక్కి లాగేవాళ్లు. అట్లా నేను ఎన్ని బండలు తోలానో లెక్క పెట్టలేదు.

ఆ బండ ఓడెక్కి చైనా పోతుంది. కోత అక్కడ, పాలిష్ అక్కడ, దాని మీద బతికే కుటుంబాలు అక్కడ. మా దగ్గర కటింగ్, పాలిషింగ్ యూనిట్లు లేవని కాదు, ఉన్నాయి. కానీ మంచి బండ ఎక్కువగా ముడి బండగానే దాటిపోయింది. మా ఊరి గుట్ట మీద సీతాఫలం చెట్లుండేవి. ఇప్పుడు అక్కడ పచ్చటి నీళ్లున్న గుంత, పక్కన పనికిరాని రాళ్ల కుప్ప. పోర్టు ఉండి మాకు మిగిలింది ఇది. దగ్గర్లో ఇంకో పోర్టు వస్తే ముడిసరుకు ఇంకా తొందరగా పోతుంది. అంతే తేడా.

కాకతీయ చరిత్ర సార్:
తమ్ముళ్లారా, ఓరుగల్లుకూ సముద్రానికీ ఉన్న బంధం కొత్తది కాదు. మోటుపల్లి రేవు, ఇప్పటి బాపట్ల జిల్లాలోది, కాకతీయుల ఏలుబడిలో ఉండేది. గణపతిదేవుడు అక్కడ 1244-45లో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును స్వాధీనం చేసుకునేవారు. ఈయన దాన్ని మాన్పించి, సరుకులో ముప్పయ్యో వంతు సుంకం కట్టి నిర్భయంగా వ్యాపారం చేసుకోమన్నాడు. లోతట్టున ఉన్న రాజధాని రేవు వల్ల బాగుపడగలదని దాదాపు ఎనిమిది శతాబ్దాల కిందటే మన నేల చూసింది.

కరీంనగర్ లారీ:
సార్, మీరు చెప్పింది వింటే ఒళ్లు పులకరించింది. కానీ ఆ ముప్పయ్యో వంతు ఓరుగల్లు ఖజానాకే వచ్చేది కదా సార్. ఇప్పుడు రేవు వేరే రాష్ట్రానిది.

కాకతీయ చరిత్ర సార్:
నిజమే బాబూ. సుంకం మనకు రాదు. అందుకే పని మన దగ్గర ఉండాలి. నీ గుట్ట కథలో తప్పిపోయింది అదే.

పరకాల ఆడబిడ్డ:
అందరూ పోర్టు గురించి రాస్తున్నారు. పోర్టు దాకా పోయే దారి గురించి నేను రాస్తాను.

నాగపూర్–విజయవాడ గ్రీన్‌ఫీల్డ్ హైవే, 163జీ. అంటే పాత రోడ్డును వెడల్పు చెయ్యకుండా పొలాల మీదుగా కొత్తగా వేసేది. అందులో మంచిర్యాల–వరంగల్ ముక్క 108 కిలోమీటర్లు. 2023 జులై 8న ప్రధాని వరంగల్‌లోనే శంకుస్థాపన చేశారు. మంచిర్యాలకూ వరంగల్‌కూ 34 కిలోమీటర్ల దూరం తగ్గుతుందన్నారు. తగ్గుతుంది, కాదనను. కానీ ఆ గీత మా అమ్మ పేరు మీదున్న ఎకరంన్నర మధ్యలోంచి పోయింది. పత్తి చేను కాయ మీద ఉన్నప్పుడు సర్వేవాళ్లు వచ్చి రాళ్లు పాతారు. అమ్మ రోజూ పొద్దున పోయి ఆ రాయి దగ్గర నిలబడి వచ్చేది. పీకెయ్యాలని కాదు, ఊరికే చూసి వచ్చేది. మాకు కట్టిన నష్టపరిహారంతో అదే ఊళ్లో సగం భూమి కూడా కొనలేం, ఎందుకంటే వాళ్లు చూసేది రిజిస్ట్రేషన్ విలువ, ఊళ్లో నడిచే ధర వేరు.

ఇంకో సంగతి. ఇది మామూలు రోడ్డు కాదు. ఎక్కడ పడితే అక్కడ ఎక్కనివ్వరు, దాటనివ్వరు. మా బావి రోడ్డుకు ఒక పక్క మిగిలింది, పొలం ముక్క ఇంకో పక్క. అండర్‌పాస్ దాకా చుట్టూ తిరిగి పోయి మోటారు వేసి రావాలి. ఈ హైవే మీద నాగపూర్ సరుకు బందరుకు గంటల్లో పోతుంది. మా అమ్మ మాత్రం సొంత బావికి ముప్పావు గంట నడవాలి. వరంగల్‌కు లాభం అని ఎవరైనా రాసినప్పుడు ఆ వరంగల్‌లో మా అమ్మ ఉందో లేదో చెప్పండి.

ఎనుమాముల గుమస్తా:
అక్కా, చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. నా లెక్కల పుస్తకంలో కిలోమీటర్లున్నాయి, మీ అమ్మ నడిచే దూరం లేదు.

కాజీపేట పాత గార్డు:
నేను గూడ్స్ గార్డుగా పనిచేసి రిటైరైన వాణ్ని. పోర్టు అనగానే అందరూ రోడ్డు చూస్తారు. బరువు సరుకుకు దారి రైలే. కాజీపేట నుంచి బల్లార్షా వైపు, సికింద్రాబాద్ వైపు, విజయవాడ వైపు మూడు దారులు. ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే చాలా బండ్లకు మన జంక్షనే గుమ్మం. ఎక్స్‌ప్రెస్‌లకు దారి ఇస్తూ మా గూడ్సు లూప్‌లైన్లో, అంటే స్టేషన్ పక్క పట్టాల మీద, గంటల తరబడి నిలబడేది. బొగ్గు బండి, సిమెంటు బండి, బియ్యం బండి, అన్నీ అంతే. వేసవి మధ్యాహ్నం బ్రేక్ వ్యాన్‌లో కూర్చుంటే ఇనుము కాలి చెయ్యి పెట్టలేం. విజయవాడ వైపు మూడో లైను పూర్తయితేనే బందరు దగ్గరయినట్టు. అది కాకుండా 300 కిలోమీటర్లు అని మ్యాపులో కొలుచుకుంటే బండి కదలదు.

ఇంకోటి. పోర్టు ఉంటే చాలదు, ఓడ ఆగాలి. 2024 మొదట్లో కృష్ణపట్నానికి కంటైనర్ ఓడల రాక ఆగిపోతోందని నెల్లూరులో ఎంత గొడవ జరిగిందో గుర్తు తెచ్చుకోండి. అన్నీ ఉన్న పోర్టుకే ఆ తిప్పలు. బందరుకు కంటైనర్ ఓడలు రావాలంటే వెనక నుంచి రోజూ సరుకు పోవాలి. ఆ సరుకు మన దగ్గర ఉంది. అందుకే మనం అడిగే స్థితిలో ఉన్నాం. దానం అడగడం లేదు.

హన్మకొండ బీటెక్:
మా బ్యాచ్‌లో 60 మంది. 2025 అక్టోబర్‌లో విశాఖకు గూగుల్ డేటా సెంటర్, 15 బిలియన్ డాలర్లు అని వార్త వచ్చిన రోజు మా గ్రూపులో ఒకటే చర్చ, విశాఖలో అద్దెలు ఎంతుంటాయని. నాకు కోస్తా వాళ్ల మీద కోపం లేదు. వాళ్లు వెంటపడి తెచ్చుకుంటున్నారు. నక్కపల్లి దగ్గర స్టీలు ప్లాంటు వస్తోంది. మన బయ్యారం ఉక్కు మాట 2014 విభజన చట్టంలోనే ఉంది, పరిశీలిస్తామని. నేను ఆరో తరగతిలో ఉన్నప్పటి మాట అది. మా తాత వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు కార్మికుడు. 1934లో మొదలైన మిల్లు 2002లో మూతపడింది. అప్పటికే తెలిసినవాళ్లు సూరత్, భివండి పోయారు. మూడో తరం వాణ్ని నేనూ మూట సర్దుకోవాలా అన్నదే నా టెన్షన్. పోర్టు వల్ల ఇక్కడ ఒక్క ఉద్యోగం వచ్చినా నేను పోర్టు పక్షమే.

ఎనుమాముల గుమస్తా:
నేను మొదట రాసినదాంట్లో ఒక మాట వెనక్కి తీసుకుంటున్నాను. కిరాయి తగ్గితే రైతుకు దానంతట అదే చేరుతుందన్నాను. చేరదు. లారీ తమ్ముడు చెప్పింది నిజం.

ఎక్కడ చేరుతుందో నా కళ్లతో చూసింది చెబుతాను. ఎగుమతికి పోయే తేజకు తొడిమలు తీస్తారు. కోల్డ్ స్టోరేజీల దగ్గర ఆడవాళ్లు గుంపుగా కూర్చుని ఒక్కొక్క కాయ తుంచుతారు. ముక్కుకు కొంగు కట్టుకుని, సాయంత్రానికి వేళ్లు మండుతుంటే కొబ్బరి నూనె రాసుకుంటారు. కష్టమే, కానీ ఆ కూలి ఈ ఊళ్లో మిగిలే డబ్బు. మిర్చి నుంచి రంగు, ఘాటు తీసే ఓలియోరెసిన్ పరిశ్రమకు కేరళ పేరు మోసింది. కాయ మనది, ఆ పని ఇక్కడ ఎందుకు పెరగకూడదు? 2025 మార్చి 31న కాకినాడ నుంచి ఫిలిప్పీన్స్‌కు మన తెలంగాణ బియ్యం 12,500 టన్నులు ఓడెక్కింది. అది మిల్లాడి బియ్యంగా పోయింది, వడ్లుగా కాదు. మిర్చికీ, పత్తికీ, బండకూ అదే కావాలి.

రెండోది, డ్రై పోర్టు. కస్టమ్స్ తనిఖీ, సీలు ఇక్కడే అయిపోయి, కంటైనర్ నేరుగా ఓడకు పోయే చోటు. ఇప్పటికైతే ఆ ఏర్పాటు హైదరాబాద్ సనత్‌నగర్‌లో ఉంది. ప్రభుత్వం చెబుతున్న కొత్త గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు హైదరాబాద్ దగ్గరి ఫ్యూచర్ సిటీ నుంచి అమరావతి మీదుగా బందరుకు. డ్రై పోర్టు మాట కూడా హైదరాబాద్ చుట్టే తిరుగుతోంది. ఆ దారి మన ఊరిని తాకదు. మనం ఇప్పుడు అడగకపోతే బందరు వచ్చినా మన సరుకు ముందు పడమరకు 150 కిలోమీటర్లు పోయి, మళ్లీ తూర్పుకు తిరగాలి. కాజీపేట దగ్గర డ్రై పోర్టు కావాలని కలెక్టర్‌కు, ఎంపీకి అర్జీ రాస్తున్నాను. ఆదివారం పొద్దున మార్కెట్ గేటు దగ్గర సంతకాలు.

కాజీపేట పాత గార్డు:
నేను వస్తాను. ఏ లూప్‌లైన్లో ఎన్ని బండ్లు ఆగుతాయో నాకు తెలిసినంత కాగితం మీద రాసి తెస్తాను.

కరీంనగర్ లారీ:
ముడి బండ, ముడి మిర్చి కాదు, పని చేసిన సరుకే ఎక్కాలి అని మొదటి వాక్యం రాయి అన్నా. అట్లయితే నేనూ వస్తాను.

పరకాల ఆడబిడ్డ:
డ్రై పోర్టుకు కూడా భూమి కావాలి కదా అన్నా. ఎవరిది?

ఎనుమాముల గుమస్తా:
అడగాల్సింది అడిగావు అక్కా. టెక్స్‌టైల్ పార్కు కోసం రైతుల దగ్గర వెయ్యి ఎకరాలకు పైగా ఇప్పటికే తీసుకున్నారు. అందులో ఖాళీగా ఉన్న ప్లాట్లు నిండకుండా కొత్తగా ఒక్క గుంట కూడా తీసుకోవద్దని రాస్తాను.

పరకాల ఆడబిడ్డ:
బావి దగ్గర అండర్‌పాస్ సంగతి కూడా రాయండి. రాస్తే ఆదివారం అమ్మను తీసుకొస్తాను. ఆమె సంతకం పెట్టదు, వేలిముద్ర వేస్తుంది. స్టాంపు ప్యాడు మర్చిపోకండి.