కరువు గోధుమ: జన్యుమార్పిడి పైరును బయటి పొలంలో పరీక్షించాలా, వద్దా?

చర్చ మొదలుపెట్టినవారు:
కరువును తట్టుకునేలా జన్యుమార్పిడి చేసిన హెచ్‌బీ4 గోధుమకు అర్జెంటీనా 2020లో అనుమతి ఇచ్చింది, అక్కడి గోధుమ కొనే బ్రెజిల్ ఒప్పుకుంటేనే అమ్మాలన్న షరతుతో. 2021లో బ్రెజిల్ ఆ గోధుమ పిండికి సరేనంది, 2022లో అర్జెంటీనాలో అమ్మకానికి దారి తెరుచుకుంది. అసలు ఇలాంటి పైరును ఆరుబయట పరీక్షించడమే తప్పని నా వాదన. 2013లో అమెరికాలోని ఒరెగాన్‌లో అనుమతి లేని జన్యుమార్పిడి గోధుమ ఒక రైతు పొలంలో మొలిచింది. జపాన్ అక్కడి గోధుమ కొనడం కొంతకాలం ఆపేసింది. ఆ నష్టం ఎవరు భరించాలి?

జవాబు 1:
ఒరెగాన్ సంగతి చిన్నదేం కాదండి, ఆ భయం నాకూ ఉంది. కానీ గోధుమ చాలావరకు తన పుప్పొడితోనే గింజ కడుతుంది. గాలి కంటే కోత యంత్రంలో ఇరుక్కున్న గింజలు, చిరిగిన బస్తాలే ఎక్కువ ప్రమాదం. కాపలా అక్కడ పెట్టాలి.

పొలం మాత్రం తప్పదు. కుండీలో నీళ్లు ఆపితే వేరుకు పోవడానికి చోటే లేదు. పొలంలో అది తడి వెతుక్కుంటూ లోతుకు దిగుతుంది. వాన ఏ దశలో మొహం చాటేస్తుందో కూడా ముఖ్యమే. గింజ పాలు పోసుకునేటప్పుడు బెట్ట తగిలిన కంకిని అరచేతిలో నలిపి ఊదండి, పొట్టు పోగా మిగిలేవి ముడుచుకుపోయిన నొక్కు గింజలే. నీరు అందని మొక్కలో ఇథిలీన్ అనే, మొక్కే తయారుచేసుకునే హార్మోన్ ప్రభావంతో ఆకు ముందే పండిపోతుంది. హెచ్‌బీ4లో పొద్దుతిరుగుడు నుంచి తెచ్చిన జన్యువు ఆ స్పందనను తగ్గిస్తుంది, ఆకు ఇంకొన్నాళ్లు పచ్చగా ఉంటుంది. ఆ కొన్నాళ్లు గింజకు పనికొచ్చాయా లేదా అన్నది పొలమే చెప్పాలి.

జవాబు 2:
చెప్పింది కదా! 37 పొలం పరీక్షల సగటు చూస్తే దిగుబడి పెరిగింది 6 శాతం. కరువు గుణంతోపాటు గ్లూఫోసినేట్ అనే కలుపు మందును తట్టుకునే గుణం కూడా చేర్చారు. ఐరోపా సమాఖ్యలో ఆ మందు అనుమతి 2018లోనే ముగిసింది. కరువు పేరు చెప్పి కలుపు మందు అమ్ముతున్నట్టు లేదా?

జవాబు 1:
ఈ మాట ఒప్పుకుంటాను, నా కోపమూ అక్కడే. రెండు గుణాలను ఒకే విత్తనంలో పెడితే, రైతుకు కరువు రక్షణ కావాలంటే రెండోది కూడా తీసుకోక తప్పదు. ఎండిన చోట లాభం సగటు కంటే ఎక్కువే వచ్చింది, నిజమే. కానీ ఆ పక్కనే మామూలు పద్ధతిలో తయారైన మంచి బెట్ట రకాన్ని కూడా వేసి పోల్చాలి. వానలు బాగా పడిన ఏడాది లెక్కా బయటపెట్టాలి. కొలిచేది విత్తనం అమ్మేవాళ్లు కాకూడదు. పరీక్షలు ఆపమని కాదు, ఇలా చేయమని మనం గట్టిగా అడగాలి.