కొబ్బరి చెట్లు పోయిన చోట కోకో నేల గట్టిపడుతోంది, నీడకు ఏం వేయాలి?

మెట్టరైతు:
అందరికీ నమస్కారం. మాది కామవరపుకోట దగ్గర ఎర్ర నేల, కొబ్బరిలో కోకో. తూర్పు వైపు అర ఎకరంలో ముసలి కొబ్బరి చెట్లు గాలివానకు పోయాయి. మరుసటి ఏడాది అక్కడే కాయ ఎక్కువ కాసింది. "చూశావా, నీడే శని" అన్నాడు మా బావమరిది. ఇప్పుడు అదే చోట ఆకు అంచులు మాడుతున్నాయి, కొమ్మల చివర్లు ఎండుతున్నాయి. డ్రిప్ చుక్క పడే చోట తప్ప గుణపం దిగదు. నీడ ఉన్న వైపు రాలిన ఆకు తీస్తే వానపాములు కనిపిస్తాయి, ఇక్కడ ఒక్కటీ లేదు. టేకు వేద్దామా, గ్లైరిసీడియానా? నీడ చెట్టు ఎరువంతా తినేస్తుందేమోనని టెన్షన్.

తిరుమల తోట:
మీ బావమరిది గారు చూసింది అబద్ధం కాదండీ, మొదటి ఏడాదే చూశారంతే. ఘానాలో టాఫో పరిశోధనా కేంద్రం వాళ్లు 1950ల నుంచి ఏళ్ల తరబడి ఇదే గమనించారు. నీడ తీసేసి ఎరువు వేస్తే కోకో ముందు విరగకాసింది, ఆ తర్వాత దిగుబడి జారింది. ఎండ తగిలితే కాపు పెరుగుతుంది, దానికి కావలసిన పొటాష్ అంతా నేలలోంచే పోతుంది.

కోకో మేత వేళ్లు ఎక్కువగా పైపై జానెడు మట్టిలోనే ఉంటాయి. ఆ మట్టి మీద ఆకు లేకపోతే ఎండకు వేడెక్కుతుంది, వాన చినుకు నేరుగా కొట్టి పెచ్చు కడుతుంది. మీ గుణపం దిగనిది అందుకే.

టేకు మాత్రం వద్దు. నీడ కావలసిన ఎండాకాలంలోనే ఆకు రాల్చేస్తుంది. పైగా ఆ పెద్దాకుల మీంచి జారే నీటి బొట్టు లావుగా పడి మట్టిని కోస్తుంది.

గ్లైరిసీడియా కొమ్మలు తొలకరికి నాటండి. దాని వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టుకుంటాయి, ఆకు త్వరగా కుళ్లుతుంది. కోకో ఆకు అంత తొందరగా కుళ్లదు కాబట్టి రెండూ కలిసి పడితే నేలకు మంచిది. ఒక మెలిక ఉంది: నరకకుండా వదిలేస్తే అదీ మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చి పూస్తుంది. వానల చివర ఓసారి నరికితే ఎండలకు కొత్త చిగురుతో ఉంటుంది. నరికిన రొట్ట మేకలకు పోనివ్వకుండా కోకో పాదుల్లోనే వేయండి. మధ్యలో కొబ్బరి మొక్కలూ పెట్టండి, అవి ఎదిగేదాకా ఇదే గొడుగు.

ఎరువు పోటీ అంటారా, కోకోకు ఏడాదికి చెట్టుకు 100 గ్రాముల నత్రజని, 40 భాస్వరం, 140 పొటాష్ సిఫారసు. అది కోకో పాదులో, కొబ్బరిది కొబ్బరి పాదులో వేస్తే గొడవ లేదు.

లంక కొబ్బరి:
నీడ మంచిదని చిక్కగా మాత్రం పెంచకండి అన్నా. మాది అమలాపురం వైపు, ముసురు పడితే తేమ ఆరదు. గాలి ఆడని వరసల్లో కాయకుళ్లు ముందు మొదలవుతుంది. మేం తొలకరికి ముందే కోకో కొమ్మలు పలచన చేస్తాం, నల్లబడిన కాయ కనిపిస్తే తోట బయటకు తీసుకెళ్లి పూడుస్తాం.

మెట్టరైతు:
టేకు ఆలోచన మానేశాను. కాయ కొట్టాక డొప్పలు గట్టు మీద ఒకే చోట పోస్తున్నాం, అవీ పాదుల్లో వేయొచ్చా?

తిరుమల తోట:
పచ్చివి వద్దు, లంక వాళ్లు చెప్పిన కుళ్లు వాటితోనే తిరిగొస్తుంది. పేడ కలిపి బాగా చివికాక వేయండి. డొప్పలో పొటాష్ ఎక్కువ. ఇన్నాళ్లూ మీ తోట పొటాష్ ఆ గట్టుకే పోయింది. ఈసారి కుప్పను ఆ అర ఎకరం పక్కకు మార్చండి, మోత ఖర్చూ తగ్గుతుంది.