గొంతు పట్టేసిన మేనకోడలు సద్దుల బతుకమ్మకు పాడాలా, వద్దా?

మేనమామ_నల్లగొండ
అందరికీ నమస్తే. మా అక్క బిడ్డకు పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. చిన్నప్పటి నుంచి జానపదాలు పాడుతుంది. ఈసారి వినాయక చవితికి నల్లగొండ చుట్టుపక్కల మండపాల్లో తొమ్మిది రాత్రులు పాడింది, ఒక్కో రాత్రి రెండు మూడు గంటలు. ఆరో రాత్రికే గొంతు జీరపోయింది. వేడినీళ్లు తాగుతూ అట్లాగే లాక్కొచ్చింది. నిమజ్జనం నాటికి పై స్వరాల దగ్గర గాలి తప్ప ఏమీ రావట్లేదు. పొద్దున లేస్తే మాట కూడా పెగలదు.

నిన్న ఈఎన్‌టీ డాక్టర్ కెమెరా పెట్టి చూశారు. స్వర తంత్రులు వాచాయట. రెండింటి మీదా ఎదురెదురుగా చిన్న బుడిపెలు మొదలయ్యాయట, నాడ్యూల్స్ అన్నారు. వారం రోజులు మాట బాగా తగ్గించాలి, ఆరు వారాలు స్టేజి మీద పాట వద్దు, స్పీచ్ థెరపీకి వెళ్లండి అన్నారు. ఆపరేషన్ అక్కర్లేదన్నారు, అదొక్కటే ధైర్యం.

సద్దుల బతుకమ్మ ఇంకా ఇరవై రోజులే ఉంది. ఆ రాత్రికి ఒక కాలనీ వాళ్ల ప్రోగ్రాం ఒప్పుకొని ఉన్నాం. ఒక్క రాత్రి జాగ్రత్తగా పాడితే ఏమవుతుందని ఇంట్లో కొందరు, అసలే వద్దని కొందరు. తెలిసినవాళ్లు చెప్పండి.

సూర్యాపేట_వదిన
రాత్రి పడుకునే ముందు పాలల్లో మిరియాలు, పసుపు. పగలు బుగ్గన అతిమధురం ముక్క. మా ఇంట్లో ఇదే మందు.

పాలమూరు_పంతులమ్మ
వద్దు తమ్ముడూ. డాక్టర్ ఆరు వారాలన్నారు, మీరు మూడు వారాలకు అడుగుతున్నారు. నాకు ఇరవై ఆరేళ్ల వయసులో ఇవే వచ్చాయి. ఒకే గదిలో రెండు తరగతులు, అరవై మంది పిల్లలు, అరిచి చెప్తే తప్ప వెనక బెంచీకి వినపడదు. పార పట్టే చేతికి కాయలు కాస్తాయి కదా, ఈ బుడిపెలు కూడా అట్లాంటివే. తంత్రులు రెండూ ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుని కొట్టుకుని ఆ చోట గట్టిపడతాయి. కొట్టుకోవడం ఆపకుండా ఏ పాలు తాగించినా కాయ కరగదు.

ఇంకో ముఖ్యమైన మాట. గుసగుసలు కూడా ఆడనివ్వకండి. గట్టిగా మాట్లాడటం మానేసి అందరూ గుసగుసల్లో పడతారు. దాంతో గొంతు ఇంకా బిగుసుకుంటుంది. నేను ఆ తప్పు నెల రోజులు చేశాను.

డప్పు_దరువు
నేను దేవరకొండ వైపు కళాబృందం నడుపుతాను. ఎనిమిది మందిమి, ఇరవై రెండేళ్లుగా ఇదే పని. గొంతు జీరపోని గాయకుణ్ని నేను ఇంతవరకు చూడలేదు. వారం మాట ఆపితే సగం తగ్గుతుంది, మిగతాది శ్రుతి దించితే సర్దుకుంటుంది. ఒప్పుకున్న ప్రోగ్రాం మానేస్తే మాత్రం ఆ పేరు గొంతు కంటే ముందు పోతుంది. ఇక గుసగుస ఆడితే గొంతు చెడుతుందన్నది నేనెక్కడా వినలేదు. గుసగుసలో తంత్రులు కొట్టుకోవు కదా, గాలే కదా?

పాలమూరు_పంతులమ్మ
అన్నా, తంత్రులు మోగకపోవచ్చు, వాటి చుట్టూ కండరాలు బిగుస్తాయి. నలుగురికి వినపడేలా గుసగుసలాడి మీ గొంతు మీద చెయ్యి పెట్టి చూడండి. నా థెరపిస్టు మొదటి రోజే చెప్పింది ఇదే. చెప్పాల్సింది ఉంటే దగ్గరికి వెళ్లి మామూలు మెత్తని గొంతుతో చెప్పమంది, లేదా రాసి చూపించమంది.

డప్పు_దరువు
మీ థెరపిస్టు మీకు చెప్పింది. అందరికీ అదే అని ఎట్లా అంటారు?

గొంతు_సాధన
నేను స్పీచ్ థెరపీ చదువుతున్నాను. గుసగుస విషయంలో ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. చాలామంది గుసగుసలాడేటప్పుడు గొంతు బిగిస్తారు, కొందరిలో అంత ఒత్తిడి కనపడదు. ఎవరు ఏ రకమో ఇంట్లో తెలియదు కాబట్టి మానడమే మేలు. గొంతు ఖణిల్లు ఖణిల్లుమని సవరించుకోవడం దాని కంటే చెడ్డ అలవాటు, ముందు అది ఆపించండి. గుటకేయడమో, ఒక గుక్క నీళ్లు తాగడమో చేయాలి.

నీళ్లు తాగితే నేరుగా తంత్రులను తడపవు, అవి గాలి దారిలో ఉంటాయి. ఒళ్లంతా తడి పడ్డాకే వాటికీ పడుతుంది. అందుకే పాడే ముందు గటగటా తాగితే లాభం లేదు, రోజంతా తాగాలి. ఆవిరి పట్టండి కానీ ఉత్త నీళ్ల ఆవిరి. అందులో బామ్ వేయకండి, మంట పెడుతుంది. రాత్రి ప్రోగ్రాం అయ్యాక పన్నెండింటికి కారం బిర్యానీ తిని పడుకునే అలవాటుంటే అదీ మానాలి. కడుపులో పులుపు పైకి తన్ని గొంతును కాలుస్తుంది.

సూర్యాపేట_వదిన
మరి మిరియాల పాలు?

గొంతు_సాధన
గోరువెచ్చగా తాగితే తప్పు లేదు వదినా, గొంతుకు హాయిగా ఉంటుంది. బుడిపెకు మాత్రం అది మందు కాదు. అతిమధురం రోజూ ఎక్కువగా వాడితే బీపీ పెరిగే ప్రమాదం ఉంది, అది చూసుకోండి.

కోదాడ_పోరడు
ఇంగ్లండ్ గాయని అడెల్‌కు 2011లో గొంతులో రక్తనాళం చిట్లి ఆపరేషనే అయింది. 2012 ఫిబ్రవరిలో గ్రామీ స్టేజి మీద పాడింది. ఈ పిల్లకు బుడిపెలే కదా, ఎందుకంత టెన్షన్?

పాలమూరు_పంతులమ్మ
తమ్ముడూ, ఆమె మధ్యలో తన కచేరీలు రద్దు చేసుకుంది, అది కూడా చెప్పు. జూలీ ఆండ్రూస్‌కు 1997లో గొంతు ఆపరేషన్ అయ్యాక పాడే గొంతు తిరిగి రాలేదు. అదీ లెక్కలోకి తీసుకో.

డప్పు_దరువు
ఆ ఇద్దరూ మన నల్లగొండ పిల్లలు కారు. ఇక్కడి సంగతి మాట్లాడదాం. రెండేళ్ల కింద ఒక జాతరకు ఒప్పుకున్నాం. పాడాల్సిన అమ్మాయి ఆ పొద్దున ఫోన్ చేసి గొంతు బాగాలేదంది. కమిటీ వాళ్లు మాకు ఒక్క రూపాయి ఇవ్వలేదు, పైగా నలుగురిలో నన్ను తిట్టారు. బండి కిరాయి, ఎనిమిది మంది కూలి నేను వడ్డీకి తెచ్చి కట్టాను. ఆ అప్పు తీరడానికి ఏడాది పట్టింది. మరుసటి ఏడు ఆ ఊరు మమ్మల్ని పిలవలేదు. గొంతు గురించి అందరూ బాధపడతారు, ఈ బాధ ఎవరూ అడగరు.

పాలమూరు_పంతులమ్మ
మీ బాధ నిజమే. అయితే ఆ అమ్మాయి గొంతు తర్వాత ఏమైందో మీరు రాయలేదు.

నా సంగతి చెప్తాను. నాకు చిన్నప్పటి నుంచి రేడియోలో పాడాలని ఉండేది. బుడిపెలు వచ్చినప్పుడు డాక్టర్ రాసిచ్చిన చీటీ పట్టుకుని సెలవు అడిగాను. మా బడిలో పెద్దలు “గొంతు నొప్పికి ఇన్ని రోజులా” అన్నారు. జీతం తెగుతుందని నేనూ గట్టిగా అడగలేదు. మాత్రలు మింగుకుంటూ ఆ ఏడాదంతా పాఠాలు చెప్పాను. ఇప్పుడు నాకు నలభై నాలుగు. పాఠం చెప్పగలను. పై షడ్జం, అంటే పై ‘స’ దగ్గర గొంతు రెండుగా చీలుతుంది. ఇంట్లో పిల్లలకు జోల పాడినా తెలిసిపోతుంది. అందుకే పదిహేడేళ్ల పిల్ల అనగానే నాకు ఊపిరాడలేదు.

మిర్యాలగూడ_మిల్లు
ఒక ఇంజెక్షన్ వేయించుకుంటే ఆ రాత్రికి గొంతు తెరుచుకుంటుంది. మా వాళ్లు వేయించుకుంటారు.

గొంతు_సాధన
దయచేసి ఈ సలహా ఎవరూ పాటించకండి. అది స్టెరాయిడ్. వాపు దించుతుంది, దాంతో నొప్పి తెలియదు, బాగయిందనుకుని ఇంకా గట్టిగా పాడతారు. దెబ్బ మీద దెబ్బ పడుతుంది. చూసిన డాక్టర్ చెప్తే తప్ప దాని జోలికి పోవద్దు.

డప్పు_దరువు
ఇంజెక్షన్ నేనూ వద్దంటాను. నేను చెప్పేది తక్కువ శ్రుతిలో నాలుగు పాటలు. ఆమాత్రం చేయలేకపోతే ఇంక పాటెందుకు?

పాలమూరు_పంతులమ్మ
మీ ఎనిమిది మంది కూలి కోసం ఆ పిల్ల గొంతు తాకట్టు పెట్టాలా?

డప్పు_దరువు
ఆ మాట వెనక్కి తీసుకోండి మేడం. నేను ఎవరి బిడ్డ గొంతూ తాకట్టు పెట్టలేదు. మీకు నెల తిరిగితే జీతం. ఆరు వారాలు మీకు ఆరు వారాలే. మాకు చవితి నుంచి దసరా దాకా ఉన్నదే సీజన్, మళ్లీ జాతరల దాకా పిలిచేవాళ్లుండరు. విశ్రాంతి తీసుకో అని చెప్పడం తేలిక. ఆ ఆరు వారాల తిండి ఎవరు పెడతారో కూడా చెప్పాలి. మీరు జీతం తెగుతుందనే కదా ఆ ఏడాది సెలవు పెట్టలేదు?

పాలమూరు_పంతులమ్మ
అవును. అందుకే పెట్టలేదు. తాకట్టు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

డప్పు_దరువు
సరే. మేనమామా, ఇంతసేపు నువ్వేమీ మాట్లాడలేదు. రెండు సంగతులు చెప్పు. బయానా ఎంత తీసుకున్నావు? పిల్ల ఏ శ్రుతిలో పాడుతోంది?

మేనమామ_నల్లగొండ
అన్నా, మొత్తం ఇరవై ఐదు వేలు మాట్లాడుకున్నాం, పదిహేను వేలు బయానా తీసుకున్నాను. అది బిడ్డ కాలేజీ ఫీజుకు కట్టేశాం. శ్రుతి ఆరు. పాట వెనక వాయిద్యాల ట్రాకులు వేరే గాయని కోసం చేయించినవి, కొత్తవి చేయించాలంటే ఖర్చని వాటి మీదే పాడించాను. ఇంట్లో ఊరికే పాడుకునేటప్పుడు నాలుగున్నరలో పాడుతుంది.

గొంతు_సాధన
అసలు కారణం ఇక్కడుంది. శ్రుతి అంకె పెరిగేకొద్దీ గొంతు అంత పైకి ఎత్తాలి. ఆరు శ్రుతిలో పై షడ్జం పట్టుకుంటే తంత్రులు సెకనుకు 440 సార్లు కొట్టుకుంటాయి. నాలుగున్నరలో అదే షడ్జానికి 370. ఆ తేడా రెండు మూడు గంటల చొప్పున తొమ్మిది రాత్రులు. పక్కన డీజే మోగుతుంటే తన గొంతు తనకు వినపడక ఎవరైనా తెలియకుండానే గొంతు పెంచుతారు. పాడే మనిషి ముందు మానిటర్ బాక్స్ పెట్టారా?

మేనమామ_నల్లగొండ
లేదు. బాక్సులన్నీ జనం వైపే.

పానగల్లు_పెద్దమ్మ
మా మనవడు చదివి వినిపించాడు, నేను చెప్తుంటే వాడే రాస్తున్నాడు. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులూ మేం పాడేవాళ్లం, మైకులు లేవు. ఒకామె ఒక వరుస అంటే ముప్పై మంది ఉయ్యాలో అని అందుకునేవాళ్లు. ఆమె అలిసిపోతే పక్కామె ఎత్తుకునేది. ఒక్క పిల్లతో రాత్రంతా పాడించి మిగతావాళ్లు ఫోన్లు పట్టుకుని నిలబడటం ఈ మధ్యనే చూస్తున్నాను. బతుకమ్మ పాట ఒక్క గొంతు మోసేది కాదు బిడ్డా.

మేనమామ_నల్లగొండ
మామ ఫోన్ నుంచి నేను రాస్తున్నాను, మేనకోడలిని. వారంగా మాట్లాడటం లేదు కాబట్టి ఇంట్లో అందరూ నా ముందే నా గురించి మాట్లాడుకుంటున్నారు. పాడతావా అని నన్నెవరూ అడగలేదు. ఇక్కడా అడగలేదు.

నాకు పాడాలనే ఉంది. ఆరో రాత్రి మామతో చెప్పాను, శ్రుతి దించితే పాడగలనని. ట్రాక్ మారదన్నాడు. ఫీజు కట్టిన డబ్బు ఏదో నాకు తెలుసు, అందుకే ఇంకేం అనలేదు. పొద్దున లేవగానే మెల్లగా ఊ అని చూసుకుంటాను, ఎంత వస్తుందో. మొన్నటి దాకా కింది షడ్జం కూడా గరగరలాడింది. ఇవాళ కొంచెం నయం. అది మళ్లీ పోతుందంటే నాకు భయంగా ఉంది. సద్దుల నాడు నేను పాడను. అత్తలతో కలిసి చప్పట్లు కొడుతూ తిరుగుతాను. డబ్బు సంగతి పెద్దవాళ్లు చూడండి.

పాలమూరు_పంతులమ్మ
బిడ్డా, పొద్దున్నే ఊ అని చూసుకోవడం రోజుకు ఒక్కసారి చాలు. పదిసార్లు పరీక్షించకు.

డప్పు_దరువు
చెల్లీ, నిన్ను అడగకుండా ఇంత రాసినందుకు నాకు బాధగా ఉంది. మేనమామా, ఇప్పటికీ నా మాట ఒక్కటే. ఒప్పుకున్నది గాలికి వదలొద్దు. కానీ ఇంకా పదిహేను రోజులు చేతిలో ఉన్నాయి. ఇవాళే కాలనీ వాళ్ల దగ్గరికి వెళ్లి డాక్టర్ చీటీ చూపించు. నా బృందంలో ఇద్దరు ఆడపిల్లలున్నారు, ఆ రాత్రికి ఖాళీ. బయానా నీ దగ్గరే ఉంచుకో. మిగిలిన పది వేలల్లో బండి కిరాయి, ఆ ఇద్దరి కూలి వెళ్లిపోతాయి. ఆడవాళ్లందరూ అందుకునేలా పెద్దమ్మ చెప్పినట్టే పాడిస్తాను.

గొంతు_సాధన
థెరపీకి నల్లగొండలో దొరకకపోతే హైదరాబాద్‌లో కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మాట, వినికిడి సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. మౌనం ఒక్కటే బుడిపెను తీసేయదు. ఎట్లా పాడుతున్నామో మారాలి, లేకపోతే మళ్లీ వస్తుంది. ఆరు వారాలయ్యాక కెమెరాతో ఇంకోసారి చూపించాకే స్టేజి.

మేనమామ_నల్లగొండ
ఐదు రోజుల తర్వాత రాస్తున్నాను. కాలనీ పెద్దమనిషి మొదట ముఖం చిట్లించాడు. చీటీ చూసి, పిల్లకు పూర్తిగా నయమయ్యాకే పాడించమన్నాడు. డప్పు అన్న బృందానికి ఒప్పుకున్నాడు, రెండు వేలు తగ్గించాడు. నిన్న థెరపీ మొదటి రోజు. గ్లాసులో కొంచెం నీళ్లు పోసి స్ట్రాతో బుడగలు వచ్చేలా ఊ అని మెల్లగా పలికించారు. అట్లా చేస్తే తంత్రుల మీద దెబ్బ తక్కువ పడుతుందట. శ్రుతి విషయంలో తప్పు నాది. ఆ మాట బిడ్డతో చెప్పాను.

పాలమూరు_పంతులమ్మ
గుసగుసలు మానిందా?

మేనమామ_నల్లగొండ
మానింది అక్కా. నోట్‌బుక్‌లో రాసి చూపిస్తోంది. ఇప్పటికి ఒకటి అయిపోయింది.

డప్పు_దరువు
ఆ ట్రాకులు నాకు పంపు. మా కీబోర్డ్ తమ్ముడితో నాలుగున్నరకు దింపించి ఇస్తాను. డబ్బులొద్దు.