అయిదుసార్లు మానేశాను, ఆరోసారి మొదలుపెట్టే మనసు ఎక్కడ దొరుకుతుంది?

మళ్లీమొదలు

నాలుగేళ్లలో అయిదుసార్లు పిండిపదార్థాలు తగ్గించి తినడం మొదలుపెట్టాను. అయిదుసార్లూ మానేశాను. మొదటిసారి రోజుకు 30 గ్రాములు దాటకుండా నాలుగు నెలలు తిని 11 కిలోలు తగ్గాను. భోజనం తర్వాత ముంచుకొచ్చే నిద్రమత్తు పోయింది, మోకాళ్ల నొప్పి తగ్గింది. తర్వాత ఒక ప్రయాణం, వెనువెంటనే ఒక జ్వరం, అంతే. రెండోసారి ఏడు వారాలు నిలిచాను. మూడోసారి అయిదు, నాలుగోసారి మూడు. చివరిసారి తొమ్మిది రోజులు. ఈ లెక్కన ఆరోసారి మధ్యాహ్నం దాకా కూడా నిలవనేమో.

ఏమి తినాలో, ఏమి తినకూడదో నాకు కంఠతా వచ్చు. దయచేసి పట్టికలు పంపవద్దు. లేనిదల్లా మొదలుపెట్టే మనసు. రాత్రి వంటింట్లో నిలబడి ‘సోమవారం నుంచి’ అనుకుంటాను. అనుకున్న మరుక్షణం చెయ్యి బిస్కెట్ల డబ్బా మీదికి వెళ్తుంది, ఎలాగూ సోమవారం నుంచి మానేస్తున్నాం కదా అని. ఇంట్లోవాళ్లకు చెప్పాలంటే సిగ్గు. ‘మళ్లీనా’ అని ఎవరూ పైకి అనరు. కానీ వడ్డించేటప్పుడు ఒక్క క్షణం ఆగి ముఖంలోకి చూస్తారు చూడండి, అది చాలు.

ఇలా పలుమార్లు పడి లేచినవాళ్లు ఉంటే, ఆ లేవడం ఎలా జరిగిందో చెప్పండి.

మాటతక్కువ

ఈసారి ఎవరికీ చెప్పలేదు. సాగుతోంది.

పాతకాపు

అయిదుకే డీలా పడితే ఎలా? నాది ఎనిమిదో ప్రయత్నం. మూడేళ్లుగా నడుస్తోంది, అదీ వంకరటింకరగానే.

వెనక్కి తిరిగి చూసుకుంటే ఏడుసార్లూ నేను చేసిన తప్పు ఒకటే. ప్రతిసారీ మొదటిసారి మొదలుపెట్టినట్టే మొదలుపెట్టాను. తెల్లవారేసరికి 20 గ్రాములు, అలమరలన్నీ ఖాళీ, కొత్త నోటుపుస్తకం, వంటింట్లో తూచే యంత్రం, ఉదయం సాయంత్రం బరువు చూసుకోవడం. ఆరంభశూరత్వం అంటారే, అది. మొదటిసారి కొత్త మోజు కాబట్టి ఆ బండి లాగేస్తాం. రెండోసారికి మోజు ఉండదు, బండి మాత్రం అంతే బరువు.

ఎనిమిదోసారి ఉదయం తిండి ఒక్కటే మార్చాను. గుడ్లు, ఏదో ఒక కూర. మధ్యాహ్నం, రాత్రి ఎప్పటిలాగే అన్నం. మూడు వారాలు అంతకు మించి ఏమీ చేయలేదు. బరువు కదల్లేదు. అయితే మానేయడానికి కూడా అందులో పెద్దగా ఏమీ లేదు. నాలుగో వారం నుంచి రాత్రి అన్నం సగం చేశాను. రోజుకు 100 గ్రాముల దగ్గరికి రావడానికి ఏడాది పట్టింది. ఈరోజుకీ అక్కడే ఉన్నాను. 20 గ్రాములవాళ్ల దృష్టిలో ఇది అసలు పథ్యమే కాదు. కానీ రోజుకు 130 గ్రాముల లోపు తింటే ‘తక్కువ’ కిందే లెక్కగడతారు, 50 లోపు అయితే ‘మరీ తక్కువ’. ఆ 130 అనే అంకె చూశాకే నాకు ఊపిరి ఆడింది.

లెక్కలపిచ్చి

మీరు మానేసిన ప్రతిసారీ అంతకు ఒకటి రెండు రోజుల ముందు బరువు చూసుకుని ఉంటారని నా అనుమానం. అవునా?

ఎందుకు అడుగుతున్నానంటే, మన ఒంట్లో పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో సుమారు 400. ఒక్కో గ్రాము తనతో పాటు దాదాపు 3 గ్రాముల నీటిని పట్టుకుని కూర్చుంటుంది. కలిపి చూస్తే 2 కిలోలు. పథ్యం మొదలైన మొదటి వారంలో మనం చూసి మురిసిపోయేది చాలావరకు ఈ నీరు పోవడమే. ఒక్క విందులో కడుపునిండా తింటే ఆ నిల్వ మళ్లీ కొంత నిండుతుంది, దానితో నీరూ తిరిగొస్తుంది. అంతేగానీ రాత్రికి రాత్రి రెండు కిలోల కొవ్వు పేరుకోవడం సాధ్యం కాదు. కిలో కొవ్వు పెరగాలంటే ఒంటి అవసరానికి మించి సుమారు 7,700 కిలోక్యాలరీలు లోపలికి పోవాలి. ఒక్క భోజనంలో అంత మింగగలిగినవాళ్లు ఉంటే నాకు చూడాలని ఉంది.

నెల కష్టం ఒక్క రాత్రిలో పోయిందని తూకం చెబితే నమ్మవద్దు. అది నీటి లెక్క.

మళ్లీమొదలు

లెక్కలపిచ్చి గారూ, మూడోసారి అచ్చం అలాగే జరిగింది! రెండు రోజుల్లో 1.8 కిలోలు పెరిగాయని చూసి ‘ఇక నా వల్ల కాదు’ అని వదిలేశాను. అప్పటికి అయిదు వారాలుగా వేళ తప్పకుండా తింటున్నాను. ఇది చదివాక సంతోషపడాలో ఏడవాలో తెలియడం లేదు.

నిమ్మచెట్టు

నిండా మునిగినవాడికి చలి ఏమిటి అంటారు కదా. మీ కథంతా ఆ ఒక్క సామెతే. నా కథ కూడా.

దీని మీద పాత ప్రయోగం ఒకటి ఉంది, 1975లో హెర్మన్, మాక్ అనే ఇద్దరు పరిశోధకులు చేసింది. కొందరికి ముందు మిల్క్‌షేక్ ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. తర్వాత రుచి చూసి చెప్పమని ఐస్‌క్రీమ్ ముందు పెట్టారు. మామూలుగా తినేవాళ్లు మిల్క్‌షేక్ తాగి ఉంటే ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. నిరంతరం నోరు కట్టుకుని బతికేవాళ్లు మాత్రం మిల్క్‌షేక్ తాగిన తర్వాతే ఎక్కువ తిన్నారు. కట్ట ఎలాగూ తెగింది, ఇక ఎంత పారితే ఏమిటి అన్నట్టు.

నేను గమనించుకున్నది ఏమిటంటే, నన్ను ముంచింది ఎన్నడూ ఆ ఒక్క కేకు ముక్క కాదు. ఆ ముక్కకూ తర్వాతి సోమవారానికీ మధ్య ఉన్న నాలుగు రోజులు. ఒక్కోసారి ఆ సోమవారం మూడు నెలల తర్వాత వచ్చేది. ఇప్పుడు నాకు ఒకటే నియమం ఉంది, తర్వాతి భోజనం మామూలు భోజనమే కావాలి. ‘రేపటి నుంచి’ లేదు. రాత్రి తొమ్మిదికి కేకు తింటే ఉదయం ఏడుకు నా గుడ్లు నేను తింటాను. దానికి పరిహారంగా ఉపవాసం ఉండటం, రెట్టింపు నడవటం కూడా లేవు. ఆ శిక్షలే నన్ను రెండుసార్లు పడగొట్టాయి.

ఉప్పురాయి

ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. మళ్లీ మొదలుపెట్టాలంటే మీ మనసు మొరాయించడానికి కారణం బద్ధకం కాకపోవచ్చు. రెండో రోజు, మూడో రోజు తలనొప్పి, నీరసం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, రాత్రి పిక్కలు పట్టేయడం గుర్తున్నాయా? పిండిపదార్థాలు ఒక్కసారిగా తగ్గిస్తే ఇన్సులిన్ తగ్గుతుంది, దానితో మూత్రపిండాలు సోడియాన్ని ఎక్కువగా బయటికి వదిలేస్తాయి, వెంట నీరూ పోతుంది. అయిదుసార్లు మొదలుపెట్టారంటే అయిదుసార్లు ఆ సుంకం కట్టారన్నమాట. ఒళ్లు మరిచిపోదు.

నేను ఆ మూడు నాలుగు రోజులూ ఉప్పు వేసిన పలుచని చారు రెండు పూటలా తాగుతాను. తలనొప్పి దాదాపు రాదు. రక్తపోటు, గుండె, మూత్రపిండాల సమస్యలు ఉన్నవాళ్లు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా ఉప్పు పెంచవద్దు. పాతకాపు గారిలా నెమ్మదిగా తగ్గించుకుంటూ వస్తే బహుశా ఈ బాధే ఉండదు, నాకు అంత ఓపిక లేదు.

గడుసుమాట

అందరూ ఎలా మొదలుపెట్టాలో చెబుతున్నారు. ఎందుకు మొదలుపెట్టాలి అని నేను అడుగుతాను. అయిదుసార్లు నిలవని చొక్కా ఆరోసారి సరిపోతుందా?

ఈ పద్ధతి కొత్త వేదమేమీ కాదు. 1863లోనే లండన్‌లో అంత్యక్రియల వ్యాపారం చేసే విలియం బాంటింగ్ రొట్టె, చక్కెర, బంగాళదుంప మానేసి బరువు తగ్గిన సంగతి అచ్చువేసి పంచాడు. స్వీడిష్ భాషలో ఈనాటికీ పథ్యం చేయడాన్ని ఆయన పేరుతోనే ‘బాంటా’ అంటారు. ఇన్నేళ్ల తర్వాత 2018లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు 609 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కొవ్వు, ఇంకో జట్టుకు పిండిపదార్థాలు తగ్గించి ఏడాది చూశారు. కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు తగ్గారు, పిండి తగ్గించినవాళ్లు 6 కిలోలు. చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చారు. ఏ జట్టులో చూసినా కొందరు పాతిక కిలోలకు పైగా తగ్గారు, కొందరు పెరిగారు.

నేను రెండుసార్లు పడ్డాక తక్కువ పిండి తిండి వదిలేసి, పప్పులు, కూరగాయలు ఎక్కువ, తీపి తక్కువ అని పెట్టుకున్నాను. హాయిగా ఉన్నాను. ఓడిపోయానని ఎవరైనా అంటే అనుకోనివ్వండి.

మళ్లీమొదలు

గడుసుమాట గారూ, కోపం రాలేదు, మంచి ప్రశ్నే. రెండు రోజులు ఆలోచించాను. బరువు ఒక్కటే అయితే మీ మాట వినేదాన్ని. నాకు కావలసింది మధ్యాహ్నం మూడింటికి తెలివిగా ఉండటం. ఇలా తిన్నప్పుడు ఆకలి నన్ను తరమదు, తిండి గురించి ఆలోచించకుండా నాలుగు గంటలు పని చేసుకోగలను. ఇతర పథ్యాల్లో అది దొరకలేదు. ఇన్నాళ్లూ కారణం అడిగితే కిలోలే చెప్పాను, ఇప్పుడు రాస్తుంటే నాకే తెలిసింది.

గడుసుమాట

అయితే చొక్కా సరిపోయేదే. గుండీలు సరిగ్గా పెట్టుకోలేదు, అంతే. మొదలుపెట్టండి.

రాత్రిపాళి

ఆసుపత్రిలో రాత్రి విధులు చేస్తాను. నా పతనం ఎప్పుడూ తెల్లవారుజామున నాలుగింటికే. ఆ సమయంలో మనోబలం అనేది ఒక అందమైన కట్టుకథ. కాబట్టి ఆ నిర్ణయం సాయంత్రం ఆరింటికే, కడుపు నిండి బుర్ర పనిచేస్తున్నప్పుడే తీసుకుంటాను: ‘నాలుగింటికి ఆకలేస్తే సంచిలో ఉన్న గింజలు, జున్ను తింటాను.’ ఇలా ‘ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తాను’ అని ముందే కట్టుకోవడం మామూలు సంకల్పం కంటే బాగా పనిచేస్తుందని పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చాలాకాలం పరిశోధించి చెప్పారు. నాకు ఆ సంగతి తర్వాత తెలిసింది. ముందు సంచి సర్దుకోవడం అలవాటయింది.

మీ బిస్కెట్ల డబ్బా కంటికి ఎదురుగా ఎందుకు ఉంది? ఇంట్లో పిల్లలు ఉంటే పై అరలో, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. కుర్చీ వేసుకుని ఎక్కాలంటే నేనైతే సగం సార్లు వెనక్కి వస్తాను.

సూదిమందు

మధుమేహం ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే ఒక్క మాట. నేను ఇన్సులిన్ తీసుకుంటాను. రెండోసారి మొదలుపెట్టినప్పుడు మోతాదు మార్చకుండా అన్నం మానేశాను. రాత్రి చక్కెర పడిపోయి చెమటలతో లేచాను, పక్కన మనిషి ఉండబట్టి సరిపోయింది. ఇన్సులిన్, సల్ఫొనైల్‌యూరియా మాత్రలు (ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువ ఊరేలా చేసేవి) వాడేవాళ్లకు ఈ ప్రమాదం ఉంది. పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ అని వచ్చే మాత్రలు వాడేవాళ్లకు ఇంకో రకం ప్రమాదం, రక్తంలో చక్కెర పెద్దగా పెరగకుండానే కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే పదార్థాలు) పేరుకుని ఆమ్లత పెరగవచ్చు. ముందు వైద్యుణ్ణి కలిసి మోతాదు సరిచేయించుకోండి, తర్వాతే మనసు సంగతి.

నిమ్మచెట్టు

ఇంకోటి గుర్తొచ్చింది. కొత్త అలవాటు 21 రోజుల్లో కుదురుతుందని అందరూ అంటారు. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో 96 మందిని గమనిస్తే మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. నాకు నచ్చింది అది కాదు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు కుదరడం పెద్దగా దెబ్బతినలేదట. గోడ మీద రోజులకు అడ్డగీతలు గీసి, ఒక్కటి తప్పగానే మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టే పద్ధతి మనకు ఎవరు నేర్పారో!

పాతకాపు

వారానికి ఒక రోజు ‘ఇష్టం వచ్చినట్టు’ పెట్టుకోమని ఎవరైనా చెబుతారు, ముందే అంటున్నాను, నాకు అది కొరివితో తల గోక్కోవడమే అయింది. ఆదివారం తిన్నది బుధవారం దాకా నోట్లో ఊరేది.

రాత్రిపాళి

నాకు మాత్రం అది లేకపోతే సాగదు. రోజంతా కాదు, ఒక్క భోజనం. మనుషులు వేరు కదండీ.

మళ్లీమొదలు

మూడు వారాలయింది. సోమవారం కోసం ఆగకుండా ఒక గురువారం మొదలుపెట్టాను. ఉదయం తిండి ఒక్కటే మార్చాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు (మాటతక్కువ గారికి నమస్కారం). బిస్కెట్ల డబ్బా పై అరకు చేరింది. పదకొండో రోజు కుర్చీ వేసుకుని ఎక్కి ఆరు తిన్నాను, నిలబడే. దిగాక పాత అలవాటు ప్రకారం ‘అయిపోయింది’ అనిపించింది. పన్నెండో రోజు ఉదయం గుడ్లు ఉడకబెట్టాను. ఇంతకుముందు నా పన్నెండో రోజులు అలా ఉండేవి కావు.

బరువు చూసుకోలేదు, యంత్రం మంచం కిందే ఉంది. ఉదయం పదకొండింటికి వచ్చే ఆకలి మాత్రం పోయింది. మొన్న మా అత్తగారు ‘ఈమధ్య ఉదయం గుడ్లే తింటున్నావు, ఏమిటి విశేషం’ అన్నారు. ‘ఊరికే’ అన్నాను.

ఇప్పుడు మధ్యాహ్నం అన్నం కూడా సగం చేద్దామా అని చెయ్యి దురద పెడుతోంది.

మాటతక్కువ

ఇంకో వారం ఆగండి.