గ్రీకు అక్షరాలు: బేటానా, వీటానా?

ప్రశ్న:
అందరికీ వందనాలు. ఇంటి దగ్గర నుంచే బైబిల్ కోర్సు చదువుతున్నాను. ఈ ఏడాది కొత్త నిబంధన గ్రీకు పెట్టారు. ఉన్నవి 24 అక్షరాలే, మన 56 నేర్చుకున్నవాళ్ళకి ఇదెంత అనుకున్నాను. మూడు వారాలైనా పట్టుబడలేదు. చూడగానే ఇంగ్లీషు అక్షరం అనుకుని చదివేస్తున్నాను. పైగా మా సార్ ‘బేటా’ అంటారు, యూట్యూబ్‌లో గ్రీసు ఆవిడ ‘వీటా’ అంటోంది. ఏది పట్టుకోవాలి? వచ్చే నెల పరీక్ష, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
వందనాలు సిస్టర్. ముందు బేటా సంగతి. ఇద్దరూ సరిగ్గానే చెబుతున్నారు. ఈనాటి గ్రీసులో ఆ అక్షరాన్ని ‘వ’ అనే పలుకుతారు. బైబిల్ కాలేజీల్లో ఎక్కువగా నేర్పేది ఎరాస్మస్ అనే పండితుడి పద్ధతి. పాతకాలపు ఉచ్చారణ గురించి ఆయన 1528లో పుస్తకం వేశాడు. అందులో బేటా ‘బ’. పరీక్ష అయ్యేదాకా మీ సార్ పలికినట్టే పలకండి, ఆ వీడియోలు పక్కన పెట్టండి.

ఇక అక్షరాలు. మీ నోట్సులో ప్రతి గ్రీకు అక్షరం పక్కనా ఇంగ్లీషు రాసుకుని ఉంటారు. అది కొట్టేసి తెలుగు రాయండి. నేను నేర్పిన ప్రతి ఒక్కరికీ మొదట చెప్పేది ఇదే. అచ్చులు ఏడు. ఎప్సిలోన్ మన ఎ, ఏటా మన ఏ. ఒమిక్రోన్ మన ఒ, ఓమెగా మన ఓ. మిక్రోన్ అంటే చిన్నది, మెగా అంటే పెద్దది. హ్రస్వం, దీర్ఘం అని పేర్లలోనే ఉంది! ఈ తేడాకి ఇంగ్లీషులో విడి అక్షరాలు లేవు, మనం ఒకటో తరగతిలోనే దిద్దాం.

యోహాను సువార్త మొదటి మాటలు చూడండి: ‘ఎన్ అర్ఖే ఏన్ హొ లొగొస్’. ఎన్ అంటే ‘అందు’, ఏన్ అంటే ‘ఉండెను’. ఇంగ్లీషు లిపిలో రాసుకుంటే రెండూ ఒకటే అయిపోతాయి. తెలుగులో రాస్తే పొరపాటుకి చోటే లేదు. ‘హొ’ దగ్గర ‘హ’కి అక్షరం కనబడదు, అచ్చు మీద కామా లాంటి చిన్న గుర్తు ఉంటుంది. అది కుడివైపుకి తెరుచుకుని ఉంటే ‘హ’ పలకాలి.

రెండు గామాలు పక్కపక్కన వస్తే ‘గ్గ’ అనకండి. ‘అంగడి’లో సున్న పలికినట్టు పలకాలి. దేవదూతని అంగెలొస్ అంటారు, రాసేది మాత్రం రెండు గామాలతో. క్సి, ప్సి రెండూ మన క్ష లాగా జంట ధ్వనికి ఒకే అక్షరం.

కళ్ళని మోసం చేసేవి ఐదారే. పి ఆకారంలో ఉన్నది రో, అంటే ర. పెద్ద హెచ్ లాంటిది ఏటా. చిన్న వి లాంటిది న్యూ, అంటే న. చిన్న వై లాంటిది గామా. చిన్న డబ్ల్యూ లాంటిది ఓమెగా. ఎక్స్ లాంటిది ఖి. ఖ్రిస్తొస్ మొదటి అక్షరం అదే. ఎక్స్‌మస్ అని రాస్తే క్రీస్తు పేరు తీసేశారని మన సంఘాల్లో బాధపడతారు గానీ, అందులో ఎక్స్ ఆయన పేరు మొదటి అక్షరమే.

ఈ ఆరూ రోజూ పది నిమిషాలు పైకి పలుకుతూ రాయండి. చూసి చదవడం కన్నా రాస్తేనే చెయ్యి గుర్తుపెట్టుకుంటుంది.

జవాబు 2:
అన్నగారు బాగా చెప్పారు. ఇయోటా అన్నిటికన్నా చిన్న అక్షరం, ఒక్క నిలువు గీత. మత్తయి 5:18లో గ్రీకులో ఉన్నది ఆ ఇయోటానే. మనవాళ్ళు దాన్ని ‘పొల్లు’ అని అనువదించారు. ‘ఒక పొల్లయినను ఒక సున్నయైనను’ అని చదివినప్పుడల్లా నాకు ఆ గీత కళ్ళ ముందు కనిపిస్తుంది.

టైపింగ్‌కి ఫోన్ భాషల సెట్టింగ్స్‌లో గ్రీకు కలుపుకోండి. చాలా అక్షరాలు ఇంగ్లీషు బటన్ల మీదే ఉంటాయి. థేటా మాత్రం యు దగ్గర, క్సి జె దగ్గర, ప్సి సి దగ్గర, ఓమెగా వి దగ్గర. గ్రీకులో ప్రశ్నార్థకం మన సెమీకోలన్‌లా ఉంటుంది, అది చూసి వాక్యం ఇంకా ఉందనుకోకండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అన్నా, అక్కా. నోట్సు అంతా తెలుగులో తిరగరాశాను. ఎన్, ఏన్ తేడా ఇప్పుడు తెలిసింది. ఇంకొక్కటి. లొగొస్ చివర ‘స’ వేరేలా ఉంది, అది అచ్చు తప్పా?

జవాబు 1:
తప్పు కాదమ్మా. సిగ్మా మాట మొదట్లో, మధ్యలో వస్తే గుండ్రంగా, పైన కుడివైపుకి గీతతో ఉంటుంది. చివర వస్తే ఇంగ్లీషు చిన్న ఎస్‌లా తోకతో ఉంటుంది. ధ్వని ఒకటే. ఇయేసూస్ అని రాసి చూడండి, రెండు సిగ్మాలూ ఆ ఒక్క పేరులోనే ఉన్నాయి. కీబోర్డులో చివరి సిగ్మా డబ్ల్యూ బటన్ మీద ఉంటుంది.