1992 బ్యాంకు రసీదుల వ్యవహారాన్ని తెరమీద ఎలా చూపాలి? సూచీ కూలడం తప్ప వేరే దారి లేదా?

కథాపత్రం (ప్రశ్న)
1992 బొంబాయి నేపథ్యంలో ఆరు ఎపిసోడ్ల సిరీస్‌కి స్క్రిప్టు నడుస్తోంది. ‘స్కామ్ 1992’, ‘లక్కీ భాస్కర్’ మనవాళ్లు చాలామంది చూసేశారు. ఆర్థిక సంక్షోభం అనగానే తెరమీద వచ్చేవి ఎప్పుడూ అవే: బోర్డు మీద ఎర్ర అంకెలు, రింగులో (షేర్లు కొని అమ్మే హాలు) కేకలు, తల పట్టుకున్న బ్రోకర్లు. అసలు డబ్బు ఎక్కడ ఇరుక్కుందో ప్రేక్షకుడికి అంతుపట్టదు. బ్యాంకు రసీదు అనే కాగితంతో కోట్లు ఎలా చేతులు మారాయో క్లాసు పీకకుండా ఒక్క సీన్లో చెప్పాలంటే ఏం చూపాలి?

ట్రెజరీ కౌంటర్
ముందు రెడీ ఫార్వర్డ్ ఏమిటో తేల్చుకోండి, రసీదు దాని వెనకాలే వస్తుంది. డబ్బు కావాల్సిన బ్యాంకు తన దగ్గరున్న 100 కోట్ల ప్రభుత్వ సెక్యూరిటీలను ఇంకో బ్యాంకుకు అమ్ముతుంది, 15 రోజుల తర్వాత కాస్త ఎక్కువ ధరకు తిరిగి కొంటానని ఒప్పుకుంటుంది. పేరుకు అమ్మకం, నిజానికి తాకట్టు అప్పు. ఏడాదికి 15 శాతం అనుకుంటే ఆ 15 రోజులకు వడ్డీ సుమారు 62 లక్షలు.

సెక్యూరిటీ చేతులు మారాలంటే రిజర్వ్ బ్యాంకు పబ్లిక్ డెట్ ఆఫీసులో ఎస్‌జీఎల్ ఖాతాలో (ఏ బ్యాంకు దగ్గర ఎన్ని ప్రభుత్వ సెక్యూరిటీలున్నాయో రాసే పద్దు) నమోదు కావాలి. అక్కడ లెడ్జర్లు చేత్తో రాసేవారు, ఆలస్యం మామూలే. అందుకే అమ్మిన బ్యాంకు ‘డబ్బు ముట్టింది, సెక్యూరిటీలు మీ తరఫున మా దగ్గరున్నాయి, తర్వాత ఇస్తాం’ అని రసీదు రాసిచ్చేది. దాన్నే బీఆర్ అనేవారు. అదొక మాట, అంతే. వెనక సెక్యూరిటీ ఉందో లేదో కొన్న బ్యాంకు చూసేది కాదు. బ్యాంక్ ఆఫ్ కరాడ్, మెట్రోపాలిటన్ కోఆపరేటివ్ బ్యాంకు లాంటివి ఏ సెక్యూరిటీ లేకుండానే బీఆర్‌లు రాసిచ్చాయి.

మీ సీను మాత్రం చెక్కు మీద ఉండాలి. బల్ల మీద మూడు కాగితాలు పెట్టండి: కాంట్రాక్ట్ నోటు (బ్రోకరు రాసిచ్చే బేరం చీటీ), బీఆర్, చెక్కు. చెక్కు మీద రాసింది బ్యాంకు పేరు. దానికి పిన్ను చేసిన ఉత్తరంలో బ్రోకరు ఖాతా నంబరు. కౌంటర్లో గుమాస్తా చెక్కు మీది పేరు చూసి, ఉత్తరం చదివి, బ్రోకరు ఖాతాకు జమ వేస్తాడు. రెండు బ్యాంకుల మధ్య కదలాల్సిన డబ్బు షేర్ మార్కెట్లోకి పోయింది ఈ జమ దగ్గరే. గడువు దగ్గరపడితే మరో బీఆర్ మీద డబ్బు తెచ్చి పాతది తీర్చడం. షేర్లు పెరుగుతున్నంత కాలం ఈ చక్రం తిరిగింది.

బయటపడింది కూడా మార్కెట్లో కాదు. స్టేట్ బ్యాంకు పుస్తకాల్లోని సెక్యూరిటీల నిల్వకూ, పబ్లిక్ డెట్ ఆఫీసు చూపిన నిల్వకూ వందల కోట్ల తేడా వచ్చింది. రెండు లెడ్జర్లు పక్కపక్కన పెట్టి టిక్కులు కొడుతున్న ఉద్యోగి పెన్ను ఒక వరుస దగ్గర ఆగిపోవాలి. ఆ షాట్‌కి డైలాగు అక్కర్లేదు.

ఎడిటింగ్ టేబుల్
పై మాటకు పూర్తిగా ఒప్పుకుంటాను. కాలం విషయంలో కొన్ని జాగ్రత్తలు. ఆ ఎర్ర అంకెలు తీసేయండి, బీఎస్ఈలో (బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి) తెరమీద ట్రేడింగ్ వచ్చింది 1995 మార్చిలో. 1992లో అంతా రింగులో నిలబడి అరవడమే. రూపాయి గుర్తు 2010లో పుట్టింది కాబట్టి కాగితాల మీద ‘రూ.’ మాత్రమే ఉండాలి.

పతనం కూడా వార్త వచ్చిన రోజే జరిగిపోయినట్టు రాయకండి. ఈ వ్యవహారాన్ని పత్రికకెక్కించిన పాత్రికేయురాలు సుచేతా దలాల్ కథనం ఏప్రిల్ 23న వచ్చింది. సెన్సెక్స్ ఒక్కరోజులో 12.77 శాతం పడింది ఏప్రిల్ 28న. మధ్యలో ఆ ఐదు రోజుల్లో ఎవరు ఎవరికి ఫోన్ చేశారు, ఏ బ్యాంకు ఎవరి బీఆర్‌లు వెనక్కి ఇచ్చేసి డబ్బు అడిగింది అన్నదే మీ నాటకం. నాకైతే ఒక ఎపిసోడ్ మొత్తం దానికే ఇచ్చేయొచ్చు అనిపిస్తుంది.

రెపో రేటు
2008 అమెరికా ఆర్థిక సంక్షోభం మీద వచ్చిన సినిమాల్లోనూ ఇదే లోటు. ‘మార్జిన్ కాల్’ ఒక సంస్థలో ఆ రాత్రి భయాన్ని గొప్పగా పట్టుకుంది, ‘ది బిగ్ షార్ట్’ తనఖా బాండ్ల కుళ్లును ఓపిగ్గా విప్పింది. సంస్థల ఊపిరి తీసిన రెపో మార్కెట్ మాత్రం రెండింటిలోనూ కథకు కేంద్రం కాదు. రెపో అంటే మన రెడీ ఫార్వర్డే. 100 విలువైన బాండు మీద 98 అప్పిచ్చేవాడు రేపటి నుంచి 90 మాత్రమే ఇస్తానంటే, బాండు ధర పైసా తగ్గకపోయినా 8 సొంత డబ్బు తేవాలి. అసలు ఇవ్వనంటే ఆ రోజుతో సరి. అమెరికా పెట్టుబడి బ్యాంకు బేర్ స్టెర్న్స్ చేతిలో 2008 మార్చి 10న 18 బిలియన్ డాలర్ల దాకా నగదు ఉంది, 13వ తేదీకి మిగిలింది సుమారు 2 బిలియన్లు. మీ సిరీస్‌లో పతాక సన్నివేశం ఒక ఫోన్ కాల్ కావాలి: ‘ఈసారి రోల్ చెయ్యం, డబ్బు పంపండి.’ రోల్ అంటే గడువు తీరిన అప్పును మళ్లీ పొడిగించడం.

కథాపత్రం
అందరికీ ధన్యవాదాలండీ. చెక్కు సీను ఖాయం. మామూలు మదుపరి వైపు నుంచి ఏదైనా?

ట్రెజరీ కౌంటర్
ఉందండీ, తెరమీద దాదాపు ఎవరూ తాకలేదు. 1992 జూన్‌లో ప్రత్యేక కోర్టు ఆర్డినెన్సు వచ్చి, ఈ వ్యవహారంలో ఉన్నారని అధికారికంగా ప్రకటించిన (నోటిఫై అయిన) వ్యక్తుల ఆస్తులన్నీ జప్తయ్యాయి. వాళ్ల చేతుల మీదుగా మార్కెట్లోకి వచ్చిన షేర్లను ఏ పాపం తెలియనివాళ్లు డబ్బిచ్చి కొనుక్కున్నారు. బదిలీకి పంపితే కంపెనీ తమ పేరున ఎక్కించేది కాదు. ‘టెయింటెడ్ షేర్లు’ అన్నది వాటినే. డబ్బూ రాదు, షేరూ అమ్ముకోలేరు, కోర్టుకు అర్జీ పెట్టుకోవాలి. సీనుకు కావాల్సినవి షేర్ సర్టిఫికెట్, దానికి జతచేసిన ట్రాన్స్‌ఫర్ డీడ్, కంపెనీ నుంచి తిరిగొచ్చిన రిజిస్టర్డ్ కవరు. షేర్లను కాగితం లేకుండా ఖాతాలో (డీమ్యాట్) ఉంచే ఎన్‌ఎస్‌డీఎల్ వచ్చిందే 1996లో, కాబట్టి పాత్రల నోట ‘డీమ్యాట్’ అన్న మాట దొర్లకుండా చూసుకోండి.