షుగర్ ఉన్నోళ్లు చెప్పుల్లేకుండా అలిపిరి మెట్లు ఎక్కొచ్చా?

కొండదారి: అలిపిరి దారిలో దాదాపు 3,550 మెట్లు, 9 కిలోమీటర్లు. మొక్కున్న షుగర్ పేషెంటుకి వద్దంటే వినరు, చెప్పకుండా ఎక్కేస్తారు. దాని బదులు ఎట్లా ఎక్కాలో నేర్పించి పంపడం మేలు. దళసరి కాటన్ సాక్స్ వేసుకుని తెల్లవారుజామున బయల్దేరితే చాలని నా వాదన.

పాదాల నర్సు, తిరుపతి: సాక్స్ చాలవన్నా. స్పర్శ పోయిన కాలికి రాయి గుచ్చుకున్నా, బండ కాలినా తెలీదు. చెమటకి సాక్స్ తడిస్తే రాపిడి పెరిగి బొబ్బలొస్తాయి. ముందు ఇంట్లోనే ఈ పరీక్ష చెయ్యండి. మనిషిని కళ్లు మూసుకోమని, రెండు పాదాల్లో బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసల్ని చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు తాకండి. తేలిగ్గా తాకాలంతే, నొక్కినా గీరినా పరీక్ష చెడిపోతుంది. ఆరు చోట్లలో రెండు తెలీకపోయినా ఉత్తకాళ్ల నడక మానాల్సిందే. ఎప్పుడో మానిపోయిన పుండున్నా అంతే.

మందుల షాపు, చిత్తూరు: కాళ్ల గురించే మాట్లాడుతున్నారు, లో షుగర్ సంగతో? గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వేసుకుని ఉపవాసంతో ఎక్కడం అసలు ప్రమాదం. ఆ రోజు డోసు ఎంతో డాక్టర్‌ని ముందే అడగాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి ఈ భయం తక్కువ. చెమట, వణుకు, గుండెదడ మెట్లెక్కినా వస్తాయి కాబట్టి అలసటేలే అని సరిపెట్టుకుంటారు. అనుమానమొస్తే కూర్చుని మీటర్ పెట్టాలి. చెయ్యి కడుక్కోకుండా, పండు తిన్న వేలే పొడిస్తే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. 70 కంటే తగ్గితే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. లడ్డూ తింటే సరిపోదా అంటారు. సరిపోదు, నెయ్యి వల్ల అందులో చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. ఇంత నడిచాక ఆ రాత్రి కూడా షుగర్ పడిపోవచ్చు, పడుకునే ముందు ఇంకోసారి చూడండి.

కొండదారి: వేళ్ల పరీక్ష ఒప్పుకుంటా అక్కా. కానీ స్పర్శ లేనివాళ్లని బస్సెక్కమంటే మళ్లీ దాస్తారు కదా. పోనీ, శ్రీవారి మెట్టు దారి చిన్నది, అటు పంపితే?

పాదాల నర్సు, తిరుపతి: దూరం తగ్గినా ఉత్తకాలు ఉత్తకాలేనన్నా. అది నిటారు దారి కూడా. దాస్తారని భయపడి, కాలు పోయే పనికి సరేననలేను. వద్దన్నా ఎక్కొచ్చినవాళ్లు ఆ పూటే పాదాలు కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడిచి, అరికాలి కింద అద్దం పెట్టి చూసుకోవాలి. బొబ్బ కనిపిస్తే చిదమొద్దు, పసుపు పెట్టొద్దు. శుభ్రమైన గుడ్డ చుట్టి, నొప్పి లేకపోయినా అదే రోజు ఆసుపత్రికి రావాలి.